బండికి ప్రార్థన కంటే ముందు బండి కాగితాలు



మన సంఘంలో బండి కొన్నవారు ఆదివారం ఆరాధన అయ్యాక దానిని మందిరం ముందుకు తెచ్చి ప్రార్థన చేయించుకోవడం అలవాటు. మంచి అలవాటే. అయితే కొంతకాలంగా మేమూ సంఘ పెద్దలూ కలిసి ఒక పద్ధతి పెట్టుకొన్నాము. సెకండ్ హ్యాండ్ కారు వచ్చినప్పుడు ప్రార్థనకు ముందు ఒక ప్రశ్న అడుగుతున్నాము: "ఆర్‌సీ ఎవరి పేరున ఉంది బాబూ?" ఇంకా పాత యజమాని పేరునే ఉంటే, "పేరు మార్పించుకొని రండి, సంతోషంగా ప్రార్థన చేద్దాం" అని చెప్తున్నాము. కొందరికి ఇది నచ్చలేదు. "పాస్టరు గారు గుడి మూసేసి ఆర్టీఓ ఆఫీసు తెరిచినారేటి?" అన్న మాట మా చెవిన కూడా పడింది. అందుకే మా ఉద్దేశం ఏమిటో విడమరచి రాస్తున్నాము.

ప్రియులారా, పాత కారు కొనడం తప్పు కాదు, చిన్నతనం అంతకంటే కాదు. శ్రీకూర్మం, గార, కళింగపట్నం వైపు ఊళ్లలో రాత్రిపూట ఒకరికి గుండె నొప్పి వస్తే శ్రీకాకుళం పట్నం చేరడానికి బండి ఎంత అవసరమో మనకు తెలుసు. కొత్త కారు కొనే స్తోమత అందరికీ ఉండదు. ఎవరో అయిదారేళ్లు వాడిన బండిని సగం ధరకు కొని జాగ్రత్తగా నడుపుకోవడం గృహనిర్వాహకత్వంలో భాగమే. మా బాధ పాత బండి గురించి కాదు. ఫోనులో కనబడిన ధరను చూసి, అదే దేవుడు తెరిచిన తలుపు అనుకొనే మన మనసు గురించి.

ఎన్నోసార్లు ఇలాంటి మాట విన్నాము: "అయ్యగారూ, బజారులో నాలుగు లక్షలు చెప్పే బండి రెండున్నరకే వస్తోంది. మూడు రోజులు ఉపవాస ప్రార్థన చేసినాము. ఇది దేవుని చిత్తమే." తక్కువ ధర దేవుని చిత్తానికి గుర్తు అని ఏ లేఖనం చెప్పింది? తక్కువ ధర ముందుగా ఒక ప్రశ్న. ఎందుకు తక్కువ? దానికి జవాబు దొరికాక అది ఆశీర్వాదమో కాదో చూసుకోవచ్చు.

యిర్మీయా గ్రంథం 32వ అధ్యాయం తీసి నిదానంగా చదవండి. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించి ఉంది. ప్రవక్త చెరసాల ప్రాంగణంలో ఉన్నాడు. అప్పుడు దేవుడే ఆయనకు ముందుగా తెలియజేశాడు, బంధువైన హనమేలు అనాతోతులోని పొలం అమ్మజూపుతాడని. చెప్పినట్టే హనమేలు వచ్చాడు. ఇది దేవుని చిత్తమనడానికి ఇంతకంటే ఏం కావాలి? అయినా యిర్మీయా ఏం చేశాడు? పదిహేడు తులాల వెండి త్రాసులో తూచి ఇచ్చాడు. పత్రం రాసి సంతకం చేసి ముద్ర వేశాడు. సాక్షులను పిలిచాడు. ముద్ర వేసిన పత్రం ఒకటి, విప్పి ఉన్న పత్రం ఒకటి, రెండింటినీ అందరి కళ్లముందు బారూకు చేతికిచ్చి మట్టికుండలో దాచమన్నాడు, చాలా కాలం నిలిచేలాగు. దేవుడు స్వయంగా చెప్పిన కొనుగోలుకే అన్ని కాగితాలు కావలసి వస్తే, ఫోనులో వచ్చిన ప్రకటనకు ఎన్ని కావాలి? విశ్వాసం ఉన్నవాడు కాగితాలు చూడనక్కరలేదు అనుకోవడం వాక్యంలో లేని విశ్వాసం.

మన పెద్దలకు ఈ జ్ఞానం ఉండేది. నారాయణవలస సంతకు గాని, మానాపురం సంతకు గాని ఎద్దుల కోసం వెళ్లిన రైతు ఏం చేసేవాడు? పళ్లు పట్టి చూసేవాడు, నడిపించి చూసేవాడు, గిట్టలు ఎత్తి చూసేవాడు. తనకు తెలియకపోతే తెలిసిన మావనో బావనో వెంటబెట్టుకొని వెళ్లేవాడు. దళారి తొందరపెడితే తువ్వాలు దులుపుకొని ఇంకో ఎద్దు దగ్గరికి పోయేవాడు. ఆ రైతు మనుమడు ఈరోజు మంచం మీద కూర్చొని, చూడని బండికి, తెలియని మనిషికి, వేలితో నొక్కి యాభై వేలు పంపిస్తున్నాడు. చదువు పెరిగింది గాని చూపు తగ్గింది.

ఇంటర్నెట్‌లో అమ్మేవారందరూ ఒకటి కారు. కార్స్24, స్పిన్నీ వంటి కంపెనీలు 2015లో మొదలై, బండిని తామే కొని, తనిఖీ చేసి, రిపోర్టు చూపి అమ్ముతున్నాయి. నచ్చకపోతే కొన్ని రోజుల్లో తిరిగి ఇచ్చే వీలు, పేరు మార్పు బాధ్యత వంటివి ఇలాంటి చోట దొరుకుతాయి. షరతులు మాత్రం కొనే రోజున చదవాలి, కొన్న తరువాత కాదు. రెండో రకం, ప్రకటన వేసుకొనే వేదికలు. ఓఎల్ఎక్స్ గాని, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్ గాని గోడ లాంటివి. దాని మీద ఎవరైనా కాగితం అంటించవచ్చు. మూడో రకం, కంపెనీ పేరు చెప్పుకొని వాట్సాప్‌లో మాత్రమే కనబడేవారు. వీరికి ఆఫీసు ఉండదు, బోర్డు ఉండదు, డిస్కౌంటు మాత్రం ఉంటుంది. పాత బండ్ల డీలర్లు రవాణా శాఖ దగ్గర అధికార పత్రం తీసుకోవాలని కేంద్రం 2022 డిసెంబరులో నిబంధన తెచ్చింది; అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. గనుక "మీ అధికార పత్రం చూపండి" అని అడగడం అవమానించడం కాదు, మన హక్కు.

ఈ విషయంలో సంఘానికి మేము చెప్పదలచినవి మూడు మాటలు.

1. చూడకుండా పైసా పంపవద్దు.

"నేను ఆర్మీలో ఉన్నాను, బదిలీ అయింది, బండి కంటోన్మెంట్‌లో ఉంది, గేటు పాసు కోసం కొంచెం పంపండి" అనే మోసం దేశమంతటా జరిగింది, తెలుగు రాష్ట్రాల పోలీసులు ఎన్నోసార్లు హెచ్చరించారు. సైనికుడి యూనిఫారం ఫోటో చూసి మన పిల్లలు నమ్ముతారు, ఎందుకంటే మన జిల్లాలో ఊరూరా సైన్యంలో పనిచేసిన బిడ్డలు ఉన్నారు. ఆ గౌరవాన్నే మోసగాడు పెట్టుబడిగా వాడుకొంటాడు. మొదట అయిదు వేలు, తరువాత రవాణా ఖర్చు, తరువాత "తిరిగి వచ్చే డిపాజిట్". ఒకటి గుర్తుంచుకోండి: డబ్బు పుచ్చుకోవడానికి యూపీఐ పిన్ కొట్టనక్కరలేదు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయనక్కరలేదు. పిన్ కొట్టామంటే మన డబ్బు పోతున్నట్టే. పొరపాటున పోతే సిగ్గుపడి ఇంట్లో కూర్చోవద్దు, వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

2. బండిని చూడండి, దాని చరిత్రను కూడా చూడండి.

మనది సముద్రపు గాలి తగిలే ప్రాంతం. ఉప్పు గాలికి ఇనుము ఎలా తింటుందో మన ఇంటి కిటికీ ఊచలే చెప్తాయి. అందుచేత పైన మెరుపు కాదు, అడుగు భాగం చూడాలి. మెకానిక్‌ను తీసుకువెళ్లి బండి పైకెత్తించి చూడాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని బండ్లు మునిగాయో టీవీలో చూశాము. నీట మునిగిన బండిని కడిగి, తుడిచి, అత్తరు కొట్టి దూరపు ఊళ్లో అమ్మేవారు ఉంటారు. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి, బురద చార కనబడుతుంది. సీటు కింది పట్టాల తుప్పు, స్పేర్ టైరు గుంతలో ఇసుక, కార్పెట్ కింద ముక్కవాసన, ఇవి అబద్ధమాడవు. మీటరులో కిలోమీటర్లు తక్కువగా ఉంటే సర్వీసు రికార్డు అడగండి. మీటరు తిప్పగలరు గాని, సర్వీసు సెంటరులో ప్రతిసారీ రాసిన లెక్కను మార్చడం అంత సులువు కాదు.

ఒకప్పుడు ఏపీ 30 అంటే శ్రీకాకుళం, ఏపీ 35 అంటే విజయనగరం అని నంబరు చూసి పోల్చుకొనేవాళ్లము. 2019లో రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 వచ్చింది; నంబరు ప్లేటు ఇప్పుడు బండి ఏ జిల్లాదో చెప్పదు. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చూసుకోవాలి: ఏ ఆఫీసులో రిజిస్టరు అయింది, ఇన్సూరెన్సు ఎప్పటిదాకా ఉంది, బ్యాంకు అప్పు ఉందా. ఈ-చలానాలు కూడా చూడాలి. అప్పు ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 లేకుండా కొనవద్దు. మన ఇంటి ముందున్న బండిని ఒకరోజు ఫైనాన్సు వాళ్లు వచ్చి తోలుకుపోతే అడ్డుపడలేము.

ఢిల్లీ బండ్లు చవక అంటారు. అక్కడ పదేళ్లు దాటిన డీజిలు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్ల మీద 2015లో గ్రీన్ ట్రిబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు ఆంక్షలు పెట్టడంతో అవి చవగ్గా బయటికి వచ్చాయి. ఒడిశా బండ్లు ఇచ్ఛాపురం దాటి వస్తుంటాయి. కొనవచ్చు. కాని ఆ రాష్ట్రపు ఎన్‌ఓసీ కావాలి, ఇక్కడ మళ్లీ జీవితకాల పన్ను కట్టాలి, రిజిస్ట్రేషను మార్చుకోవాలి. ఇవన్నీ కూడితే చవక ఎక్కడికి పోయిందో తెలియదు. గోపురం కట్టేవాడు ముందు కూర్చొని లెక్క చూసుకోడా అని ప్రభువు లూకా 14లో అడిగిన ప్రశ్న కారుకూ సరిపోతుంది. టైర్లు, బ్యాటరీ, ఇన్సూరెన్సు, పేరు మార్పు, మొదటి సర్వీసు కూడా లెక్కలో వేసుకోండి. బంగారం కుదువపెట్టి కొంటున్నవారు దాని వడ్డీ కూడా వేసుకోండి.

అరసవల్లి, శ్రీకూర్మం వచ్చే యాత్రికులను తిప్పి ఈఎంఐ కట్టుకొందామని తెల్ల బోర్డు కారు కొనే తమ్ముళ్లకు ప్రత్యేకంగా చెప్తున్నాము. కిరాయికి తిప్పాలంటే పసుపు బోర్డు, పర్మిట్, దానికి తగిన ఇన్సూరెన్సు ఉండాలి. లేకపోతే ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్సు కంపెనీ పక్కకు తప్పుకొంటుంది, కుటుంబం రోడ్డున పడుతుంది.

3. పేరు మార్చేవరకు బేరం పూర్తి కాలేదు.

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం రాష్ట్రంలోనే అమ్మితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. ఫారం 29, ఫారం 30 ఇందుకే. ఇన్సూరెన్సు మార్పుకు 14 రోజులు. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టించుకొని, బీరువాలో పడేసి, "తరువాత చూద్దాం" అనడం మన దగ్గర మామూలైపోయింది. 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: బండి ఎన్ని చేతులు మారినా, రికార్డులో ఎవరి పేరు ఉంటే చట్టం దృష్టిలో అతనే యజమాని, ప్రమాదం జరిగితే నష్టపరిహారం అతని మీదికే వస్తుంది. అంటే మనం పేరు మార్చుకోకుండా బండి తిప్పుతుంటే, మన తప్పుకు ఎక్కడో ఉన్న ఇంకొక మనిషి కోర్టు మెట్లు ఎక్కుతాడు. పొరుగువాని మీద ఇంత బరువు పెట్టి, ఆ బండికి నూనె రాసి ప్రార్థన చేయమంటే మేము ఎలా చేయగలము? మేము ఆర్‌సీ అడగడానికి అసలు కారణం ఇదే.

ఇంకొక మాట అమ్మేవారికి. సామెతలు 20:14లో సొలొమోను కొనేవాని సంగతి చెప్పాడు: బేరమాడేటప్పుడు బాగాలేదు బాగాలేదంటాడు, కొనుక్కొని వెళ్లాక గొప్పలు చెప్పుకొంటాడు. ఈ రోజుల్లో అమ్మేవాడు దానికి తిరగేసి చేస్తున్నాడు. గేరు బాక్సు పోయిందని తెలిసీ "ఒక్క చుక్క ఆయిలు తాగదు" అంటాడు. ఆపైన సంఘంలో సాక్ష్యం చెప్తాడు, మంచి ధర వచ్చిందని! ధర్మశాస్త్రం దొంగ తూనికరాళ్లను అసహ్యమంది. దాచిన లోపం కూడా దొంగ తూనికరాయే. మనం అమ్మే బండికి యాక్సిడెంటు అయి ఉంటే చెప్పుదాం. పదివేలు తగ్గుతుంది. తగ్గనివ్వండి. మన ఊరి క్రైస్తవులు అమ్మిన బండి కళ్లు మూసుకొని కొనవచ్చు అని ఇతరులు అనుకొంటే, అది ఎన్ని కూటములు పెట్టినా రాని సాక్ష్యం.

"ఇవన్నీ చూస్తూ కూర్చుంటే మంచి బండి చేజారిపోతుంది కదా" అంటారు. పోతుంది. నిజమే. ఒక్కోసారి నిజాయితీగల అమ్మకందారు బండి కూడా మన ఆలస్యం వల్ల ఇంకొకరికి వెళ్తుంది. అయినా "ఈ రాత్రి పన్నెండు వరకే ఈ ధర" అని గడియారం చూపించే బేరంలో మనలను ఆలోచించనివ్వకపోవడమే వారి లాభం. మంచి బండి మళ్లీ దొరుకుతుంది. వెరావల్‌లోనో, చెన్నైలోనో పడవ మీద ఏళ్ల తరబడి కష్టపడి ఒక అన్న కూడబెట్టిన రెండు లక్షలు మళ్లీ దొరకవు.

గనుక ప్రియులారా, బండి కొనాలనుకొన్నవారు ముందే మాతోనో పెద్దలతోనో చెప్పండి. మన సంఘంలో డ్రైవరు పని చేసేవారు, మెకానిక్ పని తెలిసిన బిడ్డలు ఉన్నారు. ఒక పూట మీ వెంట వస్తారు. యిర్మీయాకు సాక్షులు ఉన్నారు, మీకూ ఉండాలి. కొనలేకపోయినవారిని చిన్నచూపు చూడవద్దు. నడిచి మందిరానికి వచ్చే అవ్వ ఆశీర్వాదం కారులో వచ్చేవాని ఆశీర్వాదం కంటే తక్కువ కాదు. కాగితాలన్నీ సరిచేసుకొని, మీ పేరున ఆర్‌సీ వచ్చిన ఆదివారం బండి తీసుకురండి. ఆ రోజు ఎంతసేపైనా ప్రార్థన చేద్దాం.

మన చేతుల కష్టాన్ని ప్రభువు కాపాడును గాక. కొనేటప్పుడు వివేచన, అమ్మేటప్పుడు సత్యము మనకు దయచేయును గాక. ఆమేన్.