గేమ్ ఇంజను నెన్నుకొనుటలో వివేకము

నేటి విద్యార్థులు కంప్యూటరు ఆటల నాడుటతో తృప్తినొందక, వానిని తామే కల్పింప గోరుచున్నారు. ఇది సంతోషింపదగిన విషయము. బొమ్మలను కదల్చుట, ధ్వనిని వినిపించుట మున్నగు పనులను ముందే సమకూర్చి యుంచు సాధనమును గేమ్ ఇంజను అందురు. దేని నెన్నుకొనవలెనను ప్రశ్నకు నా యభిప్రాయమును మనవి చేయుచున్నాను.

ఉస్మాన్‌గంజ్‌లో బస్తాలు మోయు హమాలీ కుమారుడొకడు, మా తొమ్మిదవ తరగతి బాలుడు, ధాన్యము తూచు ఆట నొకటి చేసెను. ఆట ముచ్చటగా నుండెను. కాని దానికి వాడిన ఇంజను స్నేహితుని పెన్‌డ్రైవునుండి తెచ్చుకొన్న దొంగ ప్రతి. "సారూ, వార్షికోత్సవములో చూపవచ్చునా?" అని యడిగెను. నేను వలదంటిని. వాని ముఖము చిన్నబోయెను. మంచి త్రోవ కలదని ముందుగా చెప్పకపోవుట నా తప్పు.

ఆ త్రోవ గోడో యను ఇంజను. అర్జెంటీనా దేశస్థులగు హువాన్ లినీట్స్కీ, ఆరియెల్ మంజూర్ అనువారు నిర్మించిన దీని మూల ప్రోగ్రామంతయు 2014లో లోకమునకు ఉచితముగా నీయబడెను. ఎం.ఐ.టి. లైసెన్సు ప్రకారము దీనిని వాడవచ్చును, మార్చవచ్చును, చేసిన యాటను అమ్ముకొనవచ్చును. ఆ లైసెన్సు ప్రకటనను ఆటతో జతపరచిన చాలును.

యూనిటీయు చిన్నవారికి ఉచితమే గదా యని కొందరందురు. నిజమే, దానికి పాఠములు మెండు, ఉద్యోగములకును అక్కరకు వచ్చును. కాని 2023 సెప్టెంబరులో ఆ సంస్థ, ఇన్‌స్టాళ్ల లెక్కనుబట్టి రుసుము గొందుమని, అదివరకు వెలువడిన యాటలకును వర్తించునట్లు ప్రకటించెను. 2024 సెప్టెంబరులో దానిని రద్దు చేసెను. సరదాకై చేయు పిల్లలకు ఆ రుసుము తగులునది కాదు. అయినను ఒకరి దయవలన ఉచితమైనది వేరు, హక్కుగా ఉచితమైనది వేరు అని అది తెలిపినది. బేరము కుదిరి బస్తా బండి కెక్కిన పిదప ధర మార్చినచో గంజ్‌లో నెవరొప్పుదురు? గోడో నిర్వాహకులు రేపు మనసు మార్చుకొన్నను, నేడు మన చేతనున్న ప్రతికి గల హక్కును ఎవరును తీసికొనజాలరు.

మరియు దీని భాష పైథానును పోలియుండును; చిన్న యాటలకు పాత కంప్యూటరే చాలును. 2023లో వెలువడిన నాల్గవ వెర్షను మొదలు, తగిన ఫాంటు చేర్చినచో, తెలుగు ఒత్తులు చెదరక నిలుచును.

ఆ బాలుడు సెలవులలో తన యాటను గోడోలో మొదటినుండి మరల చేసెను. త్రాసు ముల్లు ఇంకను కొంచెము తడబడుచున్నది. అయినను ఈ యేటి ప్రదర్శనకు వాని పేరు నేనే వ్రాసి యిచ్చితిని. తల్లిదండ్రులు వచ్చి చూతురు గాక.