కూడిక లేని భాషకు గ్రంథాలయము

కంప్యూటరునకు పని చెప్పుటకై ఏర్పడిన భాషలలో పెక్కు ప్రయోజనమును కోరి పుట్టినవి. కేవలము వినోదమునకై పుట్టినవియు కొన్ని కలవు. అట్టివానిలో ప్రసిద్ధమైనది ఇంటర్‌కాల్. 1972లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమున విద్యార్థులుగా నున్న డాన్ వుడ్స్, జేమ్స్ లయన్ అనువారు నాటి కంప్యూటరు భాషలను పరిహసించుటకై దీనిని కల్పించిరి. ఆజ్ఞలకు ముందు ‘దయచేసి’ అను అర్థముగల మాట తగినన్నిసార్లు లేకున్నచో యంత్రము ప్రోగ్రామును త్రోసిపుచ్చును. వినయము మితిమీరినను త్రోసిపుచ్చును. ఫలితములను రోమను అంకెలలో చూపును. సంఖ్యలను అంకెలతో గాక మాటలతో చెప్పవలెను. ఎరిక్ రేమండ్ 1990లో పునరుద్ధరించిన సి-ఇంటర్‌కాల్ ఆంగ్ల పదములతోపాటు సంస్కృత సంఖ్యావాచకములను సైతము గ్రహించును.

ఈ నవ్వులాట వెనుక ఉపాధ్యాయులకును విద్యార్థులకును పనికివచ్చు ప్రశ్న యొకటి దాగియున్నది. ఇంటర్‌కాల్‌లో కూడికకు గుర్తు లేదు, తీసివేతకు లేదు, గుణకార భాగహారములకును లేదు. రెండు సంఖ్యల ద్విసంఖ్యామాన రూపములను తీసికొని ఒకదాని అంకెల నడుమ మరొకదాని అంకెలను పెనవేయుట, కోరిన అంకెలను ఏరుకొనుట, ప్రక్కప్రక్క అంకెలను మూడు విధములుగా పోల్చుట — ఈ ఐదు క్రియలే దాని సర్వస్వము. అయినను ఆ భాషకు ఒక గ్రంథాలయము కలదు. కంప్యూటరు పరిభాషలో గ్రంథాలయమనగా పుస్తకముల భాండాగారము కాదు. పలువురకు పలుమార్లు కావలసివచ్చు పనులను ముందుగా వ్రాసియుంచిన ప్రోగ్రాముల సంపుటి. 1000 మొదలు 1999 వరకు గల గుర్తుసంఖ్యలు దానికై ప్రత్యేకింపబడినవి. 1000వ సంఖ్యకు పోయినచో కూడిక, 1010కి పోయినచో తీసివేత, 1030కి పోయినచో గుణకారము, 1040కి పోయినచో భాగహారము లభించును.

కష్టపెట్టుటకే పుట్టిన భాషకు ఈ సౌకర్యమెందులకని ఆక్షేపింపవచ్చును. చిక్కుముడిని విప్పుటయే ఆనందమైనప్పుడు, విప్పిన ముడిని చేతికిచ్చుట ఆనందమును హరించుట కాదా? తరగతి గదిలో ఉపాధ్యాయుని నిత్యము వేధించు ప్రశ్నయు నిదియే. సిద్ధమైన సమాధానమును విద్యార్థికి అందించుట మేలా, కీడా?

ఈ ప్రశ్నకు ఆ గ్రంథాలయ నిర్మాణమే సమాధానము. అందలి కూడిక బయటినుండి తెచ్చిపెట్టినది కాదు. ఇంటర్‌కాల్ భాషలోనే, ఆ ఐదు క్రియలతోనే వ్రాయబడినది. దాని మార్గము ఇట్టిది. 5, 3 అను సంఖ్యలు ద్విసంఖ్యామానమున 101, 011 అగును. రెండు ఒకట్లు కలిసినచోట సున్న వ్రాసి, పై స్థానమునకు ఎక్కవలసినదానిని వేరుగా నుంచవలెను. అప్పుడు 5, 3 కాస్తా 6, 2 అగును. మరల నట్లే చేసినచో 4, 4. ఇంకొకమారు చేసినచో 0, 8. పిమ్మట ఎక్కవలసినదేమియు మిగులదు, ఫలితము 8. ప్రతి మెట్టునందును రెండింటి మొత్తము 8 గానే యుండుటను విద్యార్థి గమనింపవలెను. కూడిక గుర్తు లేని భాష అతనికి కూడిక యనగా నేమో నేర్పినది! సమాధానముతోపాటు దాని పుట్టుకయు కంటికి కనబడునట్లు పెట్టినచో, ఆ సమాధానము జిజ్ఞాసను చంపదు, పెంచును.

గ్రంథాలయ నిర్మాతకు మరి రెండు ధర్మములు కలవు. మొదటిది, పిలిచినవాని సొత్తు చెడకుండ చూచుట. కూడిక చేయు భాగము తాను వాడుకొను స్థానములలోని పాత విలువలను ముందుగా దాచి, పని ముగిసిన పిమ్మట తిరిగి ఎచ్చటివచ్చట నుంచును. రెండవది, చేతగానప్పుడు ఆ సంగతి చెప్పుట. ఈ కూడికకు 65535 హద్దు. మొత్తము హద్దు దాటినచో 1000వ భాగము తప్పును ప్రకటించి ప్రోగ్రామును నిలిపివేయును. 1009వ భాగము నిలుపక, హద్దు దాటినదో లేదో ప్రత్యేక స్థానమున 2 లేక 1 అని గుర్తు వేయును. ఆగుటయా, తెలిసికొని సాగుటయా అను నిర్ణయము వాడుకొనువానిదే. ఇది మెచ్చదగిన పద్ధతి.

అయితే భాగహారమున ఈ మర్యాద నిలువలేదు. ఏ సంఖ్యనైనను సున్నతో భాగింపుమన్నచో 1040వ భాగము ఫలితము సున్న యని చూపి మిన్నకుండును. 0ని 7తో భాగించినను సున్నయే, 7ను 0తో భాగించినను సున్నయే! మొదటిది సత్యము, రెండవది గణితమున అర్థమే లేనిది. పరిహాసమునకై పుట్టిన భాష గనుక దీనిని నవ్వి విడువవచ్చును. కాని నవ్వించుటకు గాక నమ్ముటకు నిర్మించు గ్రంథాలయమునకు ఇది ఆదర్శము కారాదు. తెలియదని చెప్పు యంత్రము వలన నష్టము స్వల్పము. తెలియకయే తెలిసినట్లు పలుకు యంత్రము వలన వచ్చు నష్టము కనబడదు గనుక అపారము.

నేడు పాఠశాలలలోను కళాశాలలలోను కంప్యూటరు విద్య నేర్చువారు ఇతరులు నిర్మించిన గ్రంథాలయములను ఆశ్రయింపక తప్పదు. అందు దోషము లేదు. పూర్వులు వేసిన బాటలో నడచుట బలహీనత కాదు. కాని ఒక్కమారైనను ఆ బాటను త్రవ్వి, క్రింద పరచిన రాళ్లను చూడవలెను. ఐదు క్రియలనిచ్చి కూడికను నిర్మింపుమని విద్యార్థులను అడుగు ఉపాధ్యాయుడు, పిమ్మట 1009వ భాగమును వారి ముందుంచి పోల్చుకొనుమన్నచో, ఆ ఒక్క గంట పెక్కు పాఠముల పెట్టు. ఆ పోలికలో తమ తప్పును తామే కనుగొన్నవారు మరునాడు ఏ సిద్ధ సమాధానమును గ్రుడ్డిగా నమ్మరు.