రింగులు ఒక్క పూటలో అరగవు

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు వైపు మామిడి తోటల్లో ఒక నమ్మకం పాతుకుపోయింది. గడ్డి కోస్తున్న మినీ ట్రాక్టర్ నడిమధ్యలో లాగడం మానేస్తే పిస్టన్ రింగులు పోయినట్టే, ఇంజిన్ దింపాల్సిందే. డ్రైవరు ఆ మాట అంటాడు, రైతు బెంగపడతాడు, షెడ్డులో మేస్త్రీ ఔనంటాడు. ఆ నమ్మకం తప్పు. రైతు జేబుకు చిల్లు పెట్టే తప్పు.

పొద్దున్నే బాగా కోసి పదకొండింటికి నీరసించిన ఇంజిన్‌లో రింగులు ఆ కాస్త సేపట్లో అరిగిపోవు. అరిగిన ఇంజిన్ నెలల ముందే చెబుతుంది. చలి పొద్దుల్లో స్టార్ట్ కాక సతాయిస్తుంది, నీలం పొగ వదులుతుంది, ఆయిల్ తాగుతుంది, బ్రీదర్ గొట్టంలోంచి ఆవిరి చిమ్ముతుంది. ఇవేవీ లేకుండా లోడ్ పడ్డప్పుడే దిగిపోతోందంటే వెతకాల్సిన చోటు వేరే ఉంది.

ముందు చెవి పెట్టి వినాలి. ఇంజిన్ మోత అలాగే ఉండి బ్లేడు మాత్రం నెమ్మదిస్తే, ట్రాక్టర్ వెనక గడ్డి కోసే స్లాషర్ స్లిప్ క్లచ్ జారుతోంది. బెల్టు మిషన్ అయితే బెల్టు వదులైంది. మోత కూడా కుంగి నల్ల పొగ కక్కితే గాలి అందడం లేదు. కుంగుతున్నా పొగ లేకపోతే చాలాసార్లు డీజిల్ అందడం లేదు. ఈ తేడా పట్టడానికి స్పానర్ అక్కర్లేదు.

మన దగ్గర అన్నిటికన్నా పెద్ద శత్రువు ఎర్రమట్టి దుమ్ము. కాయ కోతలు అయిపోయి, వానలకు తుంగ, గరిక, వయ్యారిభామ ఏపుగా లేచి, తెరిపిచ్చాక నేల ఆరిన చోట స్లాషర్ తిరిగితే బండి ఆ దుమ్మునే పీలుస్తుంది. ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ ఉన్న బండికి అడుగు గిన్నె విప్పి చూడండి. పట్టించుకోని బండిలో ఆయిల్ ఉండాల్సిన చోట చింతపండు గుజ్జులాంటి ఎర్రటి ముద్ద ఉంటుంది. క్లీనర్ నుంచి ఇంజిన్‌కు వెళ్ళే రబ్బరు గొట్టాన్ని కూడా వంచి చూడాలి. మడతల్లో సన్నటి చీలిక ఉంటే దాని అంచున దుమ్ము చార కనబడుతుంది. రింగులను నిజంగా అరగదీసేది అక్కడ దూరే దుమ్మే. ఆ గొట్టం మార్చకుండా రింగులు వేయించిన రైతు కొత్త రింగులను కూడా అదే దుమ్ముకు అప్పగిస్తున్నాడు.

నల్ల పొగ చూసి "పంపు పెంచుదాం" అనడం ఇంకా అన్యాయం. వచ్చే డీజిల్ కాలడానికే గాలి చాలనప్పుడు ఇంకాస్త డీజిల్ పోస్తే పొగ పెరుగుతుంది, వేడి పెరుగుతుంది, పని పెరగదు.

అరగంట నడిచి చచ్చిపోయి, పది నిమిషాలు ఆపితే మళ్ళీ లేచే బండికి డీజిల్ ట్యాంకు మూత వదులు చేయండి. ఉస్సుమని గాలి లోపలికి పోతే మూతలోని సన్నటి బెజ్జం పూడుకుపోయిందన్నమాట. తోట షెడ్డులో డబ్బాల్లో ఉంచే డీజిల్‌కు అడుగున నీళ్ళు, మడ్డి చేరతాయి. ఫిల్టరు మార్చి ఎయిర్ తీయడం మన డ్రైవర్లకు రాని విద్యేమీ కాదు. ఇంజిన్ వేడెక్కకుండా రేడియేటర్ జాలీకి పట్టిన గడ్డి నూగు దులపడం చిన్నపిల్లాడికైనా వచ్చు.

కోసే పద్ధతిలోనూ లోపముంది. డీజిల్ మిగులుతుందని యాక్సిలరేటర్ తగ్గించి గేరు పెంచుతారు. స్లాషర్‌ను తిప్పే షాఫ్టు, అంటే పీటీఓ, నిమిషానికి 540 చుట్లు తిరగాలి. అందుకు మీటరులో ముల్లు పీటీఓ గుర్తు దగ్గర నిలవాలి. మోకాలెత్తు గడ్డిలో తగ్గించాల్సింది గేరు. మొద్దు బ్లేడు గడ్డిని కోయకుండా చీలుస్తుంది, ఆ బరువంతా ఇంజిన్ మీదే. కోసిన గడ్డి కొసలు పీచు పీచుగా ఉంటే బ్లేడు సానకు పంపండి.

పెద్ద హెచ్‌పీ బండి కొనుక్కోమనే వాళ్ళూ ఉన్నారు. కొమ్మలు నేలకు వంగిన పాత రసాల తోటలో దూరడానికే కదా చిన్న బండి తెచ్చుకున్నది! పెద్ద బండి కొమ్మలు విరుస్తుంది, వేళ్ళ మీద మట్టిని గట్టిగా తొక్కుతుంది. పైగా దానికీ పట్టేది ఇదే దుమ్ము, పోసేది ఇదే డబ్బా డీజిల్.

ఇవన్నీ చూశాక కూడా ఇంజిన్ దింపాలంటే, మేస్త్రీని కంప్రెషన్ గేజీ పెట్టి లెక్క చూపించమనండి. లెక్క తక్కువుంటే దింపించండి, నేనూ కాదనను. గేజీ పెట్టనంటే బండిని ఇంటికి తోలుకొచ్చేయండి.