లెక్కకు రాని నొప్పి



ఇంటిలో బిడ్డకు జ్వరము తగిలినచో ఆ పూట ఇల్లంతయు కదలును. ఆ యింటిలోనే అత్తగారు స్తంభము పట్టుకొని మూల్గుచు లేచినను ఎవరును తల యెత్తి చూడరు. "వయసు నొప్పులు" అని అందఱును అందురు. ఆమెయు నట్లే అనును.

మా మేనత్తగారి సంగతి చెప్పెదను. ఉదయము లేవగానే ఆమె వ్రేళ్లు బిగిసికొనిపోయి ముడుచుకొనెడివి కావు. కవ్వపు త్రాడు పట్టు చిక్కక, గంటసేపు వేడినీళ్లలో చేతులుంచుకొని పిమ్మట చల్ల చిలుకుటకు పూనుకొనెడిది. ఎవరైన నడిగిన "ఏమియు లేదమ్మా" అనెడిది. వైద్యుని యొద్దకు తీసికొనిపోవునప్పటికే వ్రేళ్లు వంకరలు తిరిగినవి. అది రుమటాయిడ్ కీళ్లవాతమని అప్పుడు తెలిసినది. అంతవఱకు ఆమె బాధ ఏ పుస్తకమునను ఎక్కలేదు.

ఇట్టి నొప్పులు సాధారణముగా ప్రాణము తీయవు. కావున మరణముల పట్టికలో వానికి చోటు చిక్కదు. ఆసుపత్రి పుస్తకములలో అక్కడికి రాగలిగినవారే కనబడుదురు. మఱి ఊరిలో నెందఱు బాధపడుచున్నారో తెలియుట యెట్లు? ఈ ప్రశ్నకే తమ విద్యను, వయస్సును ధారపోసిన పండితులు కలరు.

ఇంగ్లండులో మాంచెస్టరు నగరమున జోనస్ కెల్‌గ్రెన్, జాన్ లారెన్స్ అను వైద్యు లిరువురు 1950 తరువాతి సంవత్సరములలో ఈ పనికి పూనుకొనిరి. బొగ్గుగనుల కూలీలను, నూలుమిల్లుల పనివారిని, లీ అను పట్టణములోని స్త్రీపురుషులను పరీక్షించిరి. రోగుల కొఱకు ఆసుపత్రిలో కూర్చుండక, జనులలోనికి పోయి, నొప్పి లేదన్నవారికి సైతము ఎక్సురే చిత్రములు తీయుటయే వారి పద్ధతిలోని విశేషము. 1957లో కీలు అరుగుదలను 0 మొదలు 4 వఱకు తరగతులుగా విభజించు కొలతను వారు ప్రకటించిరి. నేటికిని వైద్యులు మోకాలి చిత్రమును ఆ కొలతతోనే చూచుచున్నారు. చిత్రములో అరుగుదల యుండియు నొప్పి లేనివారును, చిత్రము బాగుగానే యుండి నొప్పితో కుములువారును కలరని ఇట్టి పరిశోధనల వలన తేలినది. అనగా చిత్రము చూచిన చాలదు, మనిషిని అడుగవలెను.

అడుగుట యనునది మన దేశమునకును వచ్చినది. 1981లో ప్రపంచారోగ్య సంస్థ కీళ్లవ్యాధి వైద్యుల అంతర్జాతీయ సంఘముతో కూడి, తక్కువ వ్యయముతో పల్లెలయందును ఈ లెక్క తీయుటకు కాప్‌కార్డ్ అను కార్యక్రమము నారంభించెను. ఆ పద్ధతిని అనుసరించి 1996లో డాక్టరు అరవింద్ చోప్రా గారు పూనా జిల్లాలోని భిగ్వాన్ గ్రామమున ఇంటింటి విచారణ జరిపించిరి. ఆ ఊరివారే శిక్షణ పొంది ప్రశ్నలడిగిరి. నాలుగు వేలకు పైగా పెద్దవారిని విచారింపగా, నూటికి 18 మందికి కీళ్ల, కండరముల నొప్పులున్నట్లు తెలిసినది. మా మేనత్తగారిని పీడించిన వ్యాధి వేయింటికి సుమా రైదుగురి యందు కనబడినది.

1990 తరువాత క్రిస్టఫర్ మర్రే, అలన్ లోపెజ్ అను పండితులు మఱియొక మెట్టు పైకెక్కిరి. మరణముచే పోయిన సంవత్సరములనే గాక, అశక్తతతో గడపిన సంవత్సరములను గూడ లెక్కించిరి. ఆ త్రాసులో పెట్టిన పిదపనే నడుము నొప్పి బరువెంతయో లోకమునకు తెలియవచ్చినది. కీళ్లు, ఎముకలు, కండరముల బాధలు గలవారు ప్రపంచమున సుమారు 171 కోట్లమంది యని ప్రపంచారోగ్య సంస్థ చెప్పుచున్నది. 160 దేశములలో మనుష్యులను అశక్తులను జేయు వానిలో నడుము నొప్పియే మొదటిది. రుమటాయిడ్ కీళ్లవాతము పురుషులలో కంటె స్త్రీలలో రెండు మూడు రెట్లు హెచ్చు.

ఈ పండితుల శ్రమ వలన మన ఇండ్లకు కలుగవలసిన మేలేమి? ఉదయమున వ్రేళ్ల కణుపులు వాచి, అరగంటకు మించి బిగిసియుండి, ఆఱు వారములైనను తగ్గనిచో వైద్యునికి చూపక ఉపేక్షింపరాదు. ఆ వ్యాధికి నేడు మంచి మందులున్నవి. ఎంత ముందుగా మొదలిడిన కీళ్లు అంత నిలుచును. సామాన్యమైన నడుము నొప్పికి రోజుల తరబడి మంచము పట్టుట కంటె, ఓర్చుకొనగలిగినంత మెల్లగా తిరుగుచుండుట మేలు. అరిగిన మోకాళ్లకు తొడ కండరములను బలపఱచు వ్యాయామమే మొదటి చికిత్స.

వీని యన్నిటికంటె ముందు చేయవలసినది మఱియొకటి కలదు. రేపు ఎవరైన మీ గడపలో నిలిచి "అమ్మా, నొప్పు లేమైన నున్నవా?" యని అడిగినచో "ఏమియు లేదు" అనకుడు. ఎవరును రానిచో, ఈ సాయంకాలమే మీరు మీ అత్తగారి ప్రక్కను కూర్చుండి ఆ ప్రశ్న అడుగుడు. మొదటిసారి ఆమెయు "ఏమియు లేదమ్మా" యనును. రెండవసారి అడుగుడు. మా ఇంటిలో ఆ రెండవసారి అడిగినవారు లేకపోయిరి.