మిగ్‌ వెళ్లింది... లోటు మిగిలింది

మిగ్‌-21 యుద్ధ విమానం 1963లో భారత వాయుసేనలో చేరింది. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు తీసుకుంది. ఈ 62 ఏళ్లలో 870కి పైగా మిగ్‌-21లు వాయుసేనకు అందాయి. వాటిలో అధిక భాగం హిందుస్థాన్‌ ఏరోనాటిక్స్‌ లిమిటెడ్‌ (హెచ్‌ఏఎల్‌) నాసిక్‌ కర్మాగారంలో తయారైనవే. 1971 డిసెంబరులో ఢాకా గవర్నర్‌ భవనంపై రాకెట్లు కురిపించిన విమానాలివి. చివరి రెండు స్క్వాడ్రన్లూ తప్పుకోవడంతో వాయుసేన చేతిలో 29 యుద్ధ స్క్వాడ్రన్లే మిగిలాయి. ప్రభుత్వం మంజూరు చేసిన సంఖ్య 42. ఒక్కో స్క్వాడ్రన్‌లో 16 నుంచి 18 విమానాలు ఉంటాయి కాబట్టి, 200కు పైగా విమానాల లోటన్నమాట. అయితే ఈ లోటు సెప్టెంబరులో ఒక్కసారిగా పుట్టుకొచ్చినది కాదు. పాతవాటిని ఎప్పుడు పంపించాలన్నదీ, కొత్తవాటిని ఎప్పుడు తేవాలన్నదీ వేర్వేరు సంగతులుగా చూసిన నాలుగు దశాబ్దాల ఫలితమది.

యుద్ధ విమానానికి వయసు మూడు విధాలుగా మీదపడుతుంది. మొదటిది గాలిలో గడిపిన గంటలు. పోరాట విన్యాసాల్లో మలుపు తిరిగిన ప్రతిసారీ రెక్కల మొదళ్ల మీద విమానం బరువుకు ఎన్నో రెట్ల ఒత్తిడి పడుతుంది. లోహంలో సన్నని పగుళ్లు పుడతాయి. రెండోది తేమ, ఉప్పుగాలి, ఎండ. షెడ్డులో ఊరికే ఉన్నా తుప్పు ఆగదు. మూడోది విడిభాగాలు. తయారీదారు ఉత్పత్తి ఆపేశాక ఒక విమానాన్ని ఎగరనివ్వడానికి మరో విమానాన్ని విప్పుకోవాల్సి వస్తుంది. ఇంజిన్, రాడార్‌ మార్చుకోవచ్చు. ప్రధాన చట్రాన్ని మార్చడం కొత్తది కొన్నంత పని. మిగ్‌-21లోనూ పరికరాలు మారాయి, చట్రం మారలేదు. 1996 ఒప్పందం కింద 125 విమానాలను బైసన్‌ స్థాయికి పెంచారు. కొత్త రాడార్, పైలట్‌ చూపుతోనే గురిపెట్టే హెల్మెట్, మెరుగైన క్షిపణులు వచ్చాయి. రెక్క, చట్రం, ఒంటి ఇంజిన్‌ మాత్రం పాతవే. 2019 ఫిబ్రవరి 27న పాకిస్థాన్‌తో గగనతల పోరులో పైలట్‌ అభినందన్‌ వర్ధమాన్‌ నడిపినది ఈ బైసన్‌నే. పాకిస్థాన్‌ విమానాలను ఎదుర్కోవడానికి 1950ల నాటి ఆకృతి ఉన్న విమానాన్ని పంపాల్సి రావడం అప్పట్లోనే చర్చనీయాంశమైంది.

ప్రమాదాల చిట్టా ఇంకా దయనీయం. 2012 ఏప్రిల్‌ వరకు 482 మిగ్‌ ప్రమాదాలు జరిగాయని, 171 మంది పైలట్లు, 39 మంది పౌరులు మరణించారని నాటి రక్షణమంత్రి ఏ.కె.ఆంటోనీ పార్లమెంటుకు తెలిపారు. ఆ తరవాతా ఆగలేదు. 2023 మేలో రాజస్థాన్‌లోని హనుమాన్‌గఢ్‌ జిల్లాలో ఓ మిగ్‌-21 ఇంటిమీద కూలి ముగ్గురు మహిళలను బలిగొంది. అలాగని ‘ఎగిరే శవపేటిక’ అంటూ తప్పంతా విమానం మీదే నెట్టేయడం సబబు కాదు. గంటకు 300 కిలోమీటర్లు మించిన వేగంతో నేలకు దిగే విమానమది. శబ్దవేగం దాటని కిరణ్‌ శిక్షణ విమానం నుంచి యువ పైలట్లు నేరుగా దానిలోకి ఎక్కేవారు. మధ్యలో అధునాతన జెట్‌ శిక్షణ విమానం అవసరమని లా ఫాంటేన్‌ కమిటీ 1982లోనే చెప్పింది. బ్రిటన్‌ నుంచి హాక్‌ విమానాల ఒప్పందం కుదిరింది 2004లో. బీదర్‌ స్థావరంలో అవి సేవలో చేరింది 2008లో. పాతికేళ్లకు పైగా సాగిన ఈ జాప్యానికి ఎంతమంది బలయ్యారో లెక్కకట్టే పద్ధతి లేదు కానీ, బాధ్యత ఎవరిదో ఊహించడం కష్టమేమీ కాదు.

మిగ్‌-21 స్థానంలో తేవాలనుకున్నది స్వదేశీ తేలికపాటి యుద్ధ విమానం. ప్రాజెక్టుకు 1983లో ఆమోదం లభించింది. తేజస్‌ తొలిసారి ఎగిరింది 2001 జనవరి 4న. మొదటి స్క్వాడ్రన్‌ ఏర్పడింది 2016లో. అణు పరీక్షల తరవాతి అమెరికా ఆంక్షలు, స్వదేశీ కావేరి ఇంజిన్‌ వైఫల్యం, మధ్యలో మారిన అవసరాలు... కారణాలు చాలానే ఉన్నాయి. వాటికన్నా తక్కువ చర్చకు వచ్చిన కారణం ఆర్డర్ల తీరు. 2006లో 20, 2010లో 20 విమానాలు అడిగి, ఆ తరవాత పదకొండేళ్లు ఊరుకున్నారు. 83 తేజస్‌ మార్క్‌-1ఏ విమానాలకు ఒప్పందం 2021 ఫిబ్రవరిలో గానీ కుదరలేదు. ఈలోపు జరిగిన నష్టం ఇంజిన్‌ విషయంలో బయటపడింది. అమెరికా సంస్థ జీఈ 2016 నాటికి 65 ఎఫ్‌-404 ఇంజిన్లు ఇచ్చేసి, కొత్త ఆర్డర్లు లేక ఆ ఉత్పత్తి లైను మూసేసింది. 2021 ఆగస్టులో మరో 99 కావాలన్నప్పుడు విడిభాగాల సరఫరాదారులను మళ్లీ కూడగట్టుకోవాల్సి వచ్చింది. కొవిడ్‌ ఆ పనిని మరింత సాగదీసింది. తొలి ఇంజిన్‌ 2025 మార్చిలో వచ్చింది. 2024లోనే మొదలు కావాల్సిన మార్క్‌-1ఏ అప్పగింతలు 2025 ముగిసేనాటికీ మొదలు కాలేదు. జాప్యాన్ని జీఈ మీదకో హెచ్‌ఏఎల్‌ మీదకో నెట్టడం తేలికే. పదకొండేళ్లు ఆర్డరు ఇవ్వని కొనుగోలుదారుకూ అందులో వాటా ఉంది.

విదేశీ కొనుగోలు దారి కూడా సాఫీగా సాగలేదు. 126 మధ్యతరహా విమానాలకు 2007లో టెండరు పిలిచి, ఆరు రకాలను పరీక్షించి, 2012 జనవరిలో రఫేల్‌ను ఎంపిక చేశారు. ధర, దేశీయ తయారీ బాధ్యతల దగ్గర చర్చలు చిక్కుకుపోయాయి. చివరకు 2016లో ప్రభుత్వాల మధ్య ఒప్పందంతో వచ్చినవి 36. రెండు స్క్వాడ్రన్లు. 2018లో మళ్లీ 114 విమానాల కోసం సమాచారం కోరారు.

2025 సెప్టెంబరు 25న, అంటే మిగ్‌-21 వీడ్కోలుకు ముందు రోజున, మరో 97 మార్క్‌-1ఏలకు 62,370 కోట్ల రూపాయల ఒప్పందం జరిగింది. పాత ఆర్డరుతో కలిపి 180. పది స్క్వాడ్రన్లకు సరిపోయే ఈ సంఖ్య ఘనంగానే కనిపిస్తుంది. అవతలి పద్దు చూస్తే ఆ భరోసా నిలవదు. 1979లో రావడం మొదలైన జాగ్వార్లు ఆరు స్క్వాడ్రన్లు, 1980లలో చేరిన మిరాజ్‌-2000లు మూడు, మిగ్‌-29లు మూడు. వచ్చే దశాబ్దం, ఆ పైన కొన్నేళ్లలో ఈ పన్నెండూ తప్పుకోవాల్సినవే. 180 తేజస్‌లూ వేళకు చేరినా, ఇంకేదీ రాకపోతే 29 కాస్తా 27 అవుతుంది. మార్క్‌-1ఏతో లోటు పూడుతుందన్న మాట కూడికలో నిలవదు.

కాబట్టి ఏ విమానం గొప్పదన్న చర్చకన్నా, ఏటా ఎన్ని చేతికొస్తాయన్నదే అసలు ప్రశ్న. ఏడాదికి 35 నుంచి 40 విమానాలు కావాలని వాయుసేనాధిపతి ఏ.పి.సింగ్‌ 2025లో చెప్పారు. బెంగళూరులోని రెండు లైన్లు, నాసిక్‌లోని మూడో లైను పూర్తిస్థాయిలో నడిస్తే హెచ్‌ఏఎల్‌ లక్ష్యం 24. మిగతావి ప్రైవేటు భాగస్వామ్యంతోనో, విదేశీ విమానాలను ఇక్కడ కూర్చడం ద్వారానో రావాలి. ఆ పనిలో కొంత హైదరాబాద్‌కు ఇప్పటికే వచ్చింది. తేజస్‌ నడిమి భాగాన్ని వెమ్‌ టెక్నాలజీస్‌ తయారుచేసి హెచ్‌ఏఎల్‌కు అందిస్తోంది. రఫేల్‌ దేహ భాగాలను 2028 ఆర్థిక సంవత్సరం నుంచి హైదరాబాద్‌లో ఉత్పత్తి చేయడానికి టాటా, దసో సంస్థలు 2025 జూన్‌లో ఒప్పందాలు చేసుకున్నాయి. తేజస్‌ మోసే అస్త్ర క్షిపణి అక్కడి భారత్‌ డైనమిక్స్‌ తయారీయే. ఇలాంటి సరఫరాదారులు నిలబడాలంటే ఏటా పని ఉండాలి. అయిదేళ్లు ఆర్డర్లు, ఆరేళ్లు విరామం అన్న తీరు కొనసాగితే జీఈ లైనుకు పట్టిన గతే వీరికీ పడుతుంది.

తరవాతి మెట్టు తేజస్‌ మార్క్‌-2, దానిపైన ఐదో తరం యుద్ధ విమానం ఆమ్కా. 2024 మార్చిలో ఆమ్కా నమూనాల అభివృద్ధికి భద్రతా వ్యవహారాల మంత్రివర్గ సంఘం ఆమోదం తెలిపింది. అది స్క్వాడ్రన్లకు చేరేది 2030ల మధ్యలోనే. రెండింటికీ ఎఫ్‌-414 ఇంజిన్‌ కావాలి, అదీ జీఈదే. 1989లో మొదలైన కావేరిని 2008లో తేజస్‌ నుంచి వేరుచేశాక సొంత ఇంజిన్‌ లేని వెలితి అలాగే ఉండిపోయింది. పైగా ఇప్పుడు అడిగిన ఇంజిన్‌ రావడానికి ఏళ్లు పడుతుందని ఎఫ్‌-404 చూపింది. జాగ్వార్‌ చివరి స్క్వాడ్రన్‌ను ఏ ఏడాది దించుతారో ముందే నిర్ణయించి, దాని నుంచి వెనక్కి లెక్కవేసుకుంటూ ఇంజిన్ల ఆర్డరు తేదీని, పైలట్ల శిక్షణ తేదీని ఖాయం చేయడమే మిగిలిన మార్గం. ఆ తేదీల్లో కొన్ని ఇప్పటికే దాటిపోయి ఉండవచ్చు.