వైర్‌లెస్ మన చేతికెందుకు రాకూడదు?

2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. ఆ అంకె అందరికీ గుర్తుంది. అదే వరద శబరిని వెనక్కి తోసి కూనవరం, వి.ఆర్.పురం, చింతూరు మండలాలను ముంచింది. కోయ, కొండరెడ్డి కుటుంబాలు కొండలెక్కాయి. ఏ గుట్ట మీద ఎంతమంది ఉన్నారో, ఎవరికి నొప్పులొస్తున్నాయో, ఎక్కడ బియ్యం అయిపోయాయో కిందివాళ్లకు చెప్పే దారి మాత్రం వాళ్లకు లేదు.

కరెంటు పోయింది, దాని వెనకే సిగ్నల్ పోయింది. ఇదేమీ దైవికం కాదు. టవర్‌కు కొన్ని గంటల బ్యాటరీ ఉంటుంది, ఆ తర్వాత డీజిల్ జనరేటరే దిక్కు. రోడ్డు మునిగితే డీజిల్ రాదు. కేబుల్ ఒక్కచోట తెగితే దాని మీద ఆధారపడ్డ ఊళ్లన్నీ ఒకేసారి మూగబోతాయి. అయినా ప్రతి వరద తర్వాతా మనం అడిగేది ఒకటే: ఇంకో టవర్. టవర్ అడగొద్దని నేననను. హాజరు ఎక్కించడానికి గుట్టెక్కే టీచరుకూ, రేషన్ మిషన్ పట్టుకుని సిగ్నల్ వెతికే డీలరుకూ అది కావాల్సిందే. కానీ వరద రోజున అదే కాపాడుతుందనుకుంటే మోసపోయేది మనమే.

వేరే దారి ఉంది. అరచేతిలో పట్టే రేడియో బోర్డు, ఒక లిథియం సెల్, నోటుపుస్తకమంత సోలార్ పలక. ఫోన్‌లో సందేశం కొడితే బ్లూటూత్ మీదుగా ఆ పెట్టెలోకి పోతుంది. పెట్టె దాన్ని గాల్లోకి వదులుతుంది. విన్న పక్క పెట్టె మళ్లీ పలుకుతుంది, దాన్ని మరో గుట్ట మీది పెట్టె అందుకుంటుంది. దీన్నే మెష్ అంటారు. మెష్‌టాస్టిక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో సందేశం మామూలుగా 3 సార్లు, గరిష్ఠంగా 7 సార్లు ఇలా చేతులు మారుతుంది. సిమ్ అక్కర్లేదు, రీఛార్జి అక్కర్లేదు. ఒక పెట్టె చెడితే, చుట్టుపక్కల ఇంకో పెట్టె ఉంటే, మాట ఆ దారిన పోతుంది. పల్లంలో చెట్ల మధ్య ఈ రేడియో నీరసపడుతుంది, ఎదురుగా అడ్డం లేని కొండ కొమ్మున కిలోమీటర్లు పోతుంది. మైదానంవాళ్లు దీనికోసం స్తంభాలు కట్టుకోవాలి. మనకు కొండలే స్తంభాలు.

మన తాతలు డోలు కొడితే పక్క గూడెం అందుకునేది కదా, ఇదీ అంతే అని సభల్లో చెప్పి చప్పట్లు కొట్టించుకునేవాళ్లుంటారు. డోలు బ్యాటరీ అడగదు. ఇది అడుగుతుంది. ఎవరు మార్చాలన్నదే అసలు ప్రశ్న. పైలట్ ప్రాజెక్టులు మనకు కొత్తవా? ప్రారంభించిన రోజు ఫొటో, ఆర్నెల్లకు బూజు. పెట్టె గూడేనిది కావాలి. దాని తాళం, దాని విడి సెల్లు గ్రామసభ దగ్గర ఉండాలి. దాన్ని విప్పి బిగించగల పిల్ల ఆ ఊళ్లోనే ఉండాలి.

ఇందులో గొంతు వెళ్లదు, ఫొటో వెళ్లదు. ఒక్కో సందేశానికి 200 పైచిలుకు బైట్లే. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ప్రతి హల్లుకూ, ప్రతి గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరానికే 18 ఖర్చవుతాయి. అందుకని ముందే అంకెలు కట్టుకోవాలి: 1 అంటే కాన్పు నొప్పులు, 2 అంటే పాముకాటు, 3 అంటే తాగునీళ్లు లేవు, పక్కన ఊరి నంబరు. కోయలోనో కువిలోనో సవరలోనో ముసలమ్మ చెప్పింది విని అంకెగా మార్చడం ఆ గూడెం పిల్లలకే సాధ్యం. నగరం నుంచి వచ్చిన ఇంజనీరుకు చేతకాని పని ఇదే. వరదలే రానక్కర్లేదు. పీహెచ్‌సీలో ఒక పెట్టె ఉంటే, డోలీ ఊరు దాటకముందే 108 బండికి కబురు అందుతుంది.

ఇక భయం సంగతి. ఏజెన్సీలో వైర్‌లెస్ అంటే ఇంతకాలం పోలీసుల చేతిలోదే. మన కుర్రాడి చేతిలో యాంటెనా కనిపిస్తే ముందడిగేది పేరు కాదు, ఎవరి మనిషివని. అందుకే దొంగచాటుగా వద్దు, చట్టం ప్రకారం చేద్దాం. 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ మధ్య తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు అక్కర్లేదని కేంద్రం 2005లోనే చెప్పింది. ఈ చిన్న పెట్టెలు అందులోనే పనిచేస్తాయి. ఆమోదం ఉన్న పరికరమే కొనండి. అంతకు మించిన శక్తితో, దూరప్రాంతాలతో మాట్లాడాలంటే హామ్ లైసెన్సు కావాలి. హామ్ బ్యాండ్లలో రహస్య సంకేతాలు నిషేధం, ఎవరైనా వినొచ్చు. అనుమానించేవాళ్లకు ఇంతకన్నా జవాబేముంది?

2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతి ప్రసాద్ బృందం అండమాన్ వెళ్లింది. ప్రపంచంలోని హామ్‌లతో సరదాగా మాట్లాడటానికే వెళ్లింది. 26న సునామీ వచ్చింది. ఫోన్లు పోయిన పోర్ట్‌బ్లెయిర్ నుంచి ప్రధాన భూభాగానికి కబుర్లు చేరవేసింది ఆ సరదా రేడియోలే. అదృష్టం కొద్దీ వాళ్లు అక్కడున్నారు. మన కొండల మీద అలాంటివాళ్లు ఉండటం అదృష్టానికి వదిలేయాలా?

హామ్ పరీక్ష రాయడానికి 12 ఏళ్లు నిండితే చాలు. రెస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ కూడా అక్కర్లేదు. కొంచెం కరెంటు పాఠం, కొంచెం నిబంధనలు. మన ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి పిల్లలు నేర్చుకోలేనిదేమీ కాదు. సైన్సు చెప్పే టీచరు వారానికి రెండు పూటలు కూర్చోబెడితే అయ్యే పని. పరీక్షను నగరంలో కాక పాడేరులో, రంపచోడవరంలో, సీతంపేటలో, ఉట్నూరులో, ఏటూరునాగారంలో, తెలుగులో పెట్టమని అడగాలి. ఐటీడీఏ గ్రీవెన్స్‌కు రోడ్డు అర్జీ పట్టుకుని పోయే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈసారి దాంతోపాటు ఈ అర్జీ కూడా రాసుకెళ్లండి. రసీదు తీసుకోవడం మరచిపోకండి.