జట్టులోకి రావాలంటే తాత ఊరు చెప్పాలా?

2025 నవంబర్ 18న ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో మన ఫుట్‌బాల్ జట్టు 1-0తో ఓడింది. 2003 తర్వాత బంగ్లాదేశ్ మనల్ని ఓడించడం అదే మొదటిసారి. 2027 ఆసియా కప్ దారి అప్పటికే మూసుకుపోయింది. ఓడినప్పుడు ఏడవడం మామూలే. ఈసారి ఏడుపుతోపాటు ఒక కోరిక కూడా గట్టిగా వినపడింది. బంగ్లాదేశ్ జట్టులో ఇంగ్లండులో పుట్టి పెరిగిన హంజా చౌదరి ఉన్నాడు. తల్లి తరఫున వాళ్ల దేశం వాడు. మనమూ అట్లాగే విదేశాల్లో స్థిరపడ్డ మన సంతతి పిల్లల్ని తెచ్చుకుందాం, అందుకు అడ్డమొచ్చే రూలు తీసేద్దాం అంటున్నారు.

మన పేటలకూ గూడేలకూ దీంతో ఏం పని అని ఎవరైనా అడగొచ్చు. పని ఉంది. జాతీయ జట్టు చొక్కా ఎవరికి తొడగాలి అని అడిగితే, ఈ దేశం ఎవరిది అని అడిగినట్టే. ఆ ప్రశ్నకు ‘రక్తం’ అని జవాబొస్తే మనం ఉలిక్కిపడాలి. రక్తం, పుట్టుక, వంశం అనే మాటలతోనే మనల్ని వేల ఏళ్లు ఊరి బయట ఉంచారు.

ముందు రూలు ఏమిటో చూద్దాం. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లే దేశం తరఫున ఆడాలని కేంద్ర క్రీడా శాఖ 2008 డిసెంబరులో తేల్చింది. కోర్టుకు పోతే 2010లో ఢిల్లీ హైకోర్టు కూడా అది సబబేనంది. విదేశీ పౌరులైన మన సంతతి వాళ్లకు 2005 నుంచి ఓసీఐ కార్డు ఇస్తున్నారు. పేరులో ‘సిటిజన్’ అని ఉన్నా అది పౌరసత్వం కాదు. దాంతో ఓటు లేదు, మన పాస్‌పోర్టు రాదు. ఇంకో దేశం పౌరసత్వం తీసుకున్నవాడు మన పౌరుడిగా ఉండడానికి 1955 పౌరసత్వ చట్టం ఒప్పుకోదు.

ప్రపంచ ఫుట్‌బాల్‌ను నడిపే ఫిఫా కూడా తాత పేరు చెప్పినంత మాత్రాన ఆడనివ్వదు. ముందు ఆ దేశ పౌరసత్వం ఉండాలి. కొత్తగా పౌరసత్వం తీసుకున్నవాడైతే, తానో, తల్లిదండ్రుల్లో ఒకరో, తాత అమ్మమ్మల్లో ఒకరో ఆ దేశంలో పుట్టి ఉండాలి. ఏదీ లేకపోతే అక్కడ ఏళ్ల తరబడి నివసించాలి, 18 దాటాక వచ్చినవాడికైతే అది కనీసం 5 ఏళ్లు. అంటే క్రీడా శాఖ రేపు తన రూలు చింపేసినా ఓసీఐ కార్డుతో ఫుట్‌బాల్ ఆడటం కుదరదు. కాబట్టి ఆటగాళ్ల పేరు చెప్పి అడుగుతున్నది నిజానికి రెండు పౌరసత్వాలు. ఆ మాట పైకి అనరు!

నిజంగా ఆడాలనుకునేవాడికి తలుపు మూసి లేదు. జపాన్‌లో పుట్టిన అరాటా ఇజుమీ తండ్రి గుజరాతీ. అతను జపాన్ పౌరసత్వం వదులుకుని భారత పౌరుడై 2013లో మన జట్టుకు ఆడాడు. ఆస్ట్రేలియాలో పుట్టిన రయాన్ విలియమ్స్ తల్లి ముంబైలో పుట్టిన ఆంగ్లో ఇండియన్. అతనూ అక్కడి పాస్‌పోర్టు వదిలేసి 2025లో మన పౌరుడయ్యాడు. వాళ్లిద్దరినీ ‘రండి తమ్ముడూ’ అని పిలవాల్సిందే. మనకున్న హక్కులే వాళ్లకూ, మనకున్న బాధ్యతలే వాళ్లకూ. ఒక కాలు అక్కడ, ఒక కాలు ఇక్కడ పెడతామనే వాళ్ల సంగతి వేరు.

తాత ఊరును యోగ్యత చేస్తే ఏం జరుగుతుందో మలేసియా చూపించింది. విదేశాల్లో పుట్టిన ఏడుగురు ఆటగాళ్లను తాతలు, అమ్మమ్మలు మలేసియాలో పుట్టారని చెప్పి జట్టులోకి తెచ్చారు. ఆ పెద్దవాళ్లు పుట్టింది అర్జెంటీనా, బ్రెజిల్, నెదర్లాండ్స్, స్పెయిన్‌లలో అని, చూపించిన కాగితాలు దొంగవని 2025 సెప్టెంబరులో ఫిఫా తేల్చింది. ఆటగాళ్లకు ఏడాది నిషేధం, అక్కడి సమాఖ్యకు మూడున్నర లక్షల స్విస్ ఫ్రాంకుల జరిమానా వేసింది. ఈ కథ మనకు కొత్తగా ఉందా? దొంగ కుల సర్టిఫికెట్లతో మన సీట్లూ ఉద్యోగాలూ ఎత్తుకుపోయే వాళ్లను చూడటం లేదా? పుట్టుకకు విలువ కట్టిన చోటల్లా పుట్టుకను కొనేవాడు, అమ్మేవాడు తయారవుతారు.

రాజ్యాంగం రాసినప్పుడు ఈ తగవు తేలిపోయింది. 1949 ఆగస్టులో పౌరసత్వం గురించిన అధికరణాలను బాబాసాహెబ్ అంబేద్కర్ సభ ముందు పెట్టారు. వేరే దేశ పౌరసత్వం లేని హిందువుకు, సిక్కుకు ప్రపంచంలో ఎక్కడున్నా పౌరసత్వం ఇవ్వాలని పి.ఎస్. దేశ్‌ముఖ్ సవరణ తెచ్చారు. సభ ఒప్పుకోలేదు. 5వ అధికరణం ఈ నేల మీద స్థిరంగా ఉంటున్న మనిషిని చూసింది. ఇక్కడ పుట్టినవాడు, తల్లిదండ్రుల్లో ఒకరు ఇక్కడ పుట్టినవాడు, అప్పటికి 5 ఏళ్లుగా ఇక్కడ బతుకుతున్నవాడు పౌరుడే అంది. కులం అడగలేదు, మతం అడగలేదు.

తర్వాత చట్టం మెల్లగా వంశం వైపు జరిగింది. 1987 జూలై 1 నుంచి పుట్టినవాళ్లకు తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులై ఉండాలన్నారు. 2004 డిసెంబర్ 3 నుంచి ఇంకా బిగించారు. ఇద్దరూ పౌరులు కావాలి, లేదా ఒకరు పౌరులై రెండోవారు అక్రమ వలసదారు కాకూడదు. 2025లో బీహార్ ఓటర్ల జాబితా సవరణలో ఈ తేదీలు చూపించే తల్లిదండ్రుల కాగితాలు అడిగారు. కూలోడి ఇంట్లో కాగితం ఎక్కడుంటుంది? విదేశంలో ఉన్నవాడు తాత కాగితం తెస్తే దండ వేద్దామంటారు. ఇక్కడ పాలేరు కొడుకు తండ్రి కాగితం తేలేకపోతే నువ్వెవరని అడుగుతారు!

రక్తం చూసి ఆటగాణ్ణి ఎంచే పని మన దేశంలో ఒకసారి జరిగింది. ఆఫ్రికా నుంచి బానిసలుగా, సిపాయిలుగా వచ్చినవాళ్ల సంతతి సిద్దీలు. కర్ణాటక అడవుల్లో, గుజరాత్‌లో ఉన్నారు. మన హైదరాబాదులోనూ ఉన్నారు. ఏసీ గార్డ్స్‌కు ఆ పేరు నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ వల్లనే వచ్చింది. ఆఫ్రికా రక్తం కాబట్టి బాగా పరిగెత్తుతారని 1987లో స్పోర్ట్స్ అథారిటీ సిద్దీ పిల్లల్ని ఏరి శిక్షణకు తీసుకుపోయింది. కొందరు జాతీయ పోటీల్లో పతకాలు తెచ్చారు కూడా. 1993లో ఆ పథకం ఆపేశారు. పతకం కావాలనుకున్నప్పుడు రక్తం గుర్తొచ్చింది. పిల్లల చదువు, బతుకు ఏం కావాలన్నది గుర్తురాలేదు. వీధిలో మాత్రం వాళ్లను ఏ దేశం మీది అని ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు.

పాస్‌పోర్టు ఉండి, చొక్కా తొడుక్కుని, గోల్ కొట్టినా ఆ ప్రశ్న పోదు. 2021 టోక్యో ఒలింపిక్స్‌లో వందనా కటారియా దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టింది. ఒలింపిక్ హాకీలో అంతకు ముందు మన ఆడబిడ్డ ఎవరూ హ్యాట్రిక్ చేయలేదు. సెమీ ఫైనల్లో జట్టు అర్జెంటీనా చేతిలో ఓడగానే హరిద్వార్ దగ్గర రోషనాబాద్‌లో ఆమె ఇంటి ముందు టపాసులు కాల్చారు, కులం పేరుతో తిట్టారు. జట్టులో దళితులు ఎక్కువయ్యారు కాబట్టే ఓడిందట! ఈ రోగానికి లండన్ నుంచి ఎంతమంది ఆటగాళ్లను తెస్తే మందవుతుంది?

మన జట్టు గెలిచిన రోజులు గుర్తు చేసుకోండి. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారం. రెండుసార్లూ కోచ్ హైదరాబాదు బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టిన తులసీదాస్ బలరాం సికిందరాబాదు అమ్ముగూడ పేదింటి పిల్లవాడు. వాళ్లను పైకి తెచ్చింది వీధి మైదానాలు, చూసి ఏరుకునే కన్నున్న గురువు. ఇప్పుడు మన ఊళ్లల్లో ఆ మైదానాలు ఏవి?

అందుకని సంఘాలు పనిలోకి దిగాలి. ఒకటి: పుట్టిన ప్రతి బిడ్డనూ 21 రోజుల్లోపు పంచాయతీలో నమోదు చేయించాలి. ఏడాది దాటితే ఆర్డీఓ దాకా తిరగాలి. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టినవాళ్లకు బడికైనా, పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి ఆ సర్టిఫికెట్టే రుజువు. పోటీలకు పంపేటప్పుడు వయసు రుజువు లేక మన పిల్లలు వెనక్కి రాకూడదు. రెండు: 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంటుంది. మన బడికి ఉందా? ఉంటే ఎవరి కబ్జాలో ఉంది? రాతపూర్వకంగా అడగండి. మూడు: హాస్టళ్లలో వ్యాయామ టీచరు, బూట్లు, గుడ్డు గురించి జిల్లా అధికారిని నిలదీయండి.

విదేశంలో ఉన్న తమ్ముడు ఆడాలనుకుంటే పౌరుడై రానీ, పక్కన చోటిద్దాం. తాత పేరు మీద ప్రత్యేక గుమ్మం మాత్రం వద్దు. అట్లాంటి గుమ్మాలు ఈ దేశంలో ఎవరి కోసం కట్టారో, ఎవరి మొహాన మూశారో మనకంటే బాగా ఎవరికి తెలుసు?